తెలియనివాడి ధర

మా మేనత్త బొంత చొక్కాలు కుట్టేది. ఈ మాట చదివి ఎవరైనా ముచ్చటపడితే, ఆ చొక్కా ఎప్పుడూ తొడుక్కోలేదనే అర్థం. రెండు మూడు పాత చీరలు, వాటి మధ్య చిరిగిన లుంగీ ఒకటి పరిచి, చేత్తో దగ్గర దగ్గరగా కుట్లు వేసి, నడుం దాకా వచ్చేలా చేతుల్లేకుండా కుట్టేది. తెల్లవారకముందే పడవల మీద వేటకు పోయేవాళ్లకు చలికాలమంతా అదే ఆధారం. అందంగా ఉండేదా అంటే, వేసుకున్నవాడు దూరం నుంచి నడిచొస్తున్న పరుపులా కనబడేవాడు. వెచ్చగా మాత్రం ఉండేది.

కళింగపట్నంలో మా ఇంటిని ఆనుకుని ఒక గది, ముందు చిన్న పంచ. అందులో అత్త ఒక్కతే ఉండేది. మావయ్య పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు. "మా ఇంట్లోనే తిను అప్పా" అని నాన్న తన అక్కను అప్పుడప్పుడూ అడగడం, "నా పొయ్యి నాకుండనీరా" అని ఆవిడ కసరడం మా ఇంటి ఆనవాయితీ. ఆ పొయ్యి వెలగడానికి ఆవిడకున్నదల్లా ఒక సూది. తమ్ముడి పెళ్లాం వడ్డిస్తే తినే రోజు రాకూడదు, అంతే ఆవిడ కోరిక. ఇంత చిన్న కోరికను ఇంత గట్టిగా పట్టుకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.

చొక్కాకు ధరంటూ ఉండేది కాదు. ఊరికే కుట్టేదని కాదు. గుడ్డలు తెచ్చినవాణ్ణి ఆవిడ ఒకసారి ఎగాదిగా చూసేది. సొంత పడవ ఉన్నవాడైతే ఒక మాట, కూలికి వేటకెళ్లేవాడైతే ఇంకో మాట. కొత్తగా పెళ్లైనవాడికి సగం. తాగుబోతుకు రెట్టింపు, అది కూడా పెళ్లాం చేత ముందే పంపాలి. కొందరు డబ్బులిచ్చేవారు, కొందరు వేట బాగా పడ్డ రోజు నాలుగు చేపలు పంచలో పడేసి పోయేవారు. ఒకతని దగ్గర ఏమీ తీసుకోలేదేమని అమ్మ అడిగితే, "ఆడి మొకం సూసేవేటే? అడిగితే ఏడ్సీలాగున్నాడు" అంది.

అప్పటికి నేను ఎచ్చెర్లలో ఎం.కాం. పూర్తిచేసి ఇంట్లో ఉన్నాను. ఉద్యోగం వెతుక్కుంటున్నానని చెప్పేవాణ్ణి. అది కూడా నా కోసం వెతుకుతూనే ఉండాలి, ఎక్కడా ఎదురుపడలేదు.

అందరి చేతుల్లోకీ పెద్ద ఫోన్లు వచ్చిన కొత్త. ఆ చలికాలంలో విశాఖపట్నం నుంచి ఒకావిడ బీచ్ చూడ్డానికి వచ్చింది. అక్కడ చేతిపని బట్టల షాపు నడుపుతుందట. వల బాగుచేసుకుంటున్న ఒకతని ఒంటిమీద చొక్కాను ఫొటో తీసుకుని, కుట్టిందెవరని అడుగుతూ మా అత్త పంచ దాకా వచ్చింది. పాత చీరలు తనే పంపుతానంది. కుట్టి ఇస్తే చాలంది.

"ఒక్కోదానికి ఎంతిమ్మంటారు? న్యాయంగా ఎంతో మీరే చెప్పండి. నేను బేరమాడను."

అత్త సూది ఆపింది. "ఎవులు తొడుక్కుంటారమ్మా?"

"ఎవరైనా. కొన్నవాళ్లు."

"అదేనమ్మా, కొన్నోలెవులు?"

"నాకు మాత్రం ఎలా తెలుస్తుందండీ? షాపుకి ఎవరొస్తే వాళ్లు."

"ముందు ఆలెవులో కనుక్కో. తెలీనోడికి నానేటి ధర సెప్తాను?"

షాపావిడ దిక్కుతోచక నా వైపు చూసింది. నేను రంగంలోకి దిగాను. నా చదువు ఒకరికి పనికొచ్చే మొదటి అవకాశం, దాన్ని వదులుకునేంత వైరాగ్యం నాకు లేదు. ఒక చొక్కాకు ఎన్ని పూటలు పడుతుందో అడిగి, ఎండుచేపల పనికెళ్లే ఆడమనిషికి ఊళ్లో ఇచ్చే రోజుకూలితో గుణించి, దారం ఖర్చు కలిపి, పైన కొంత లాభం వేశాను.

"లాభమేటిరా?" అంది అత్త.

"నీ కూలి పోగా పైన మిగిలేది."

"కూలి ఇచ్చీసినాక ఇంకా ఏల ఇస్తారు? జాలిపడా?"

"జాలి కాదత్తా, వ్యాపారం."

"అయితే ఇది సెప్పు. ఎండుసేపలు తిరగేసినదానికీ నాకూ ఒకటే కూలేటి? ఆ పని కాకులు కూడా సేస్తాయి."

ఆ మాట సబబుగానే తోచి కూలి పెంచాను. కళ్ల శ్రమ అని ఇంకొంత కలిపాను. చివరికి తొమ్మిది వందలు తేలింది. మా ఇంట్లో అప్పటిదాకా అంత పలికిన గుడ్డ లేదు, నాన్న పెళ్లి పంచెతో సహా. నేనే కొంచెం నీళ్లు నమిలి ఆ అంకె చెప్పాను. షాపావిడ వెంటనే సరేనంది.

"అంత బేగి ఒప్పీసుకున్నాదంటే నువ్వు తక్కువ సెప్పేవు" అని అత్త రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.

మొదటి విడత చొక్కాలు వెళ్లాయి, చెప్పిన డబ్బు చెప్పినట్టే వచ్చింది. అత్త పెద్దగా సంబరపడలేదు. కానీ కుట్టు మధ్యలో ఆగి తన చేతులు తిప్పి తిప్పి చూసుకోవడం ఒకటి రెండుసార్లు గమనించాను. ఇన్నాళ్లూ తనకు తెలియకుండా ఎవరో దాచిన వస్తువేదో ఇప్పుడే బయటపడ్డట్టు చూసేది.

అలాంటి రోజుల్లో మా వీధి కుర్రాడొకడు, కూలికి వేటకెళ్లేవాడు, కొత్తగా పెళ్లైనవాడు, వాళ్లమ్మ చీరలు చంకలో పెట్టుకుని వచ్చాడు.

"అత్తా, నాకొకటి కుట్టీ."

"తొమ్మిదొందలు."

వాడు నవ్వాడు. "సూపు పోనాదేటత్తా? నానే."

"నువ్వని తెల్సు. సూసే సెప్తన్నాను."

"దీన్నేసుకుని సముద్రంలోకెల్తానే, మళ్లీ పెళ్లి సేసుకోడానికి కాదు."

"సముద్రంలోకెల్తే నా సెయ్యి మారిపోతాదేటిరా? ఇంతని తెలిసినాక తగ్గించి సెప్తే అబద్ధమాడినట్టే."

వాడు చీరలు మళ్లీ చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ వారమే శ్రీకాకుళంలో రోడ్డుపక్కన మూడు వందలకు రెక్సిన్ కోటు కొనుక్కొచ్చాడు. నీళ్లు దిగవు, మెరుస్తుంది, జిప్పుంది. నెల తిరక్కుండా మా వీధిలో వేటకెళ్లేవాళ్లందరూ అదే కోటుతో కనబడ్డారు. ఒకే బడి పిల్లల్లా ఉన్నారని నేనంటే అత్త నవ్వలేదు.

షాపావిడ రెండో విడత తీసుకెళ్లాక కొన్నాళ్లు ఫోన్ రాలేదు. నేనే చేశాను. ఆవిడ చాలా మర్యాదగా మాట్లాడింది. నన్ను రెండుసార్లు సార్ అంది. అక్కడే నాకు అనుమానం వచ్చింది. చొక్కాలు బాగున్నాయట, పనితనం చూసి అందరూ ముచ్చటపడుతున్నారట, కానీ తొడుక్కుని చూసుకుంటే ఎండుచేపల వాసన వస్తోందంటున్నారట. ఉతికించినా పోలేదట. వచ్చే సీజన్‌కి చూద్దామంది. ఆ సీజన్ మా ఊరికి ఇంకా రాలేదు.

వాసన సంగతి అత్తకు చెప్పాను. ఆవిడ తన చీరకొంగు ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు పీల్చింది.

"ఏటి వాసన? నాకేటీ తెల్దే" అంది.

నాకూ తెలియలేదు. అక్కడే పుట్టినవాళ్లకు అది గాలి.

ఇక పాత పద్ధతే మేలని, ఊళ్లోవాళ్లకు ఏ మూడొందలకో తగ్గించి కుట్టమని చెప్పి చూశాను.

"తొమ్మిదొందలు న్యాయమని నువ్వే గదా సెప్పేవు. ఇప్పుడు మూడొందలంటన్నావు. ఏ న్యాయం నిజమైందిరా అల్లుడా?"

మాకు ఎం.కాం.లో ఈ ప్రశ్న రాలేదు. వచ్చినా ఛాయిస్‌లో వదిలేసేవాణ్ణి.

అయినా ఒక సాయంత్రం ఆవిడే ఆ కుర్రాడి ఇంటికి వెళ్లింది. నేను వెనక వెళ్లాను. వాడు గడపలో కూర్చుని టీ తాగుతున్నాడు. "మీ అమ్మ సీరలియ్యరా, కుట్టీస్తాను. నీకు తోసింది ఇద్దువు" అంది. ఆవిడ నోట ఆ మాట వినడం నాకు కొత్త. వాడు గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

"వద్దత్తా. తొమ్మిదొందల సొక్కా నాలుగు సేపలకి తీసుకుంటే నీ దగ్గర అడుక్కున్నట్టుంటాది. నాకు సిగ్గు."

"మునుపు తీసుకున్నావు గదరా."

"మునుపు దాని ఖరీదు తెల్దు గదా."

వాడు ఎగతాళికి అనలేదు. అంతకంటే మర్యాదగా ఎలా అనాలో వాడికి తెలియదు, నాకూ తెలియదు. అత్త వెనక్కి తిరిగి ఇంటి దారి పట్టింది.

ఆ తర్వాత ఆవిడ దగ్గరికి ఎవరూ గుడ్డలు తేలేదు. ఆ ఏడు వానలు పడే నాటికి ఆవిడ ఒంట్లో బాగాలేదని పొద్దున పూట వండడం మానేసింది. తర్వాత ఆకలి లేదని సాయంత్రం మానేసింది. ఒళ్లు బాగానే ఉందని, ఆకలి కూడా ఉందని మా అందరికీ తెలుసు. నాన్న మాత్రం ఈసారి పిలవలేదు. పిలిస్తే ఆవిడ కాదనాల్సి వస్తుందని కాబోలు.

ఒక మధ్యాహ్నం నేనూ నాన్నా తింటుండగా ఆవిడే వచ్చింది. వాన తుంపర తలమీద తుడుచుకుంటూ, వసారాలో ఖాళీగా ఉన్న చోట చూసి కూర్చుంది. అమ్మ కంచం పెట్టి అన్నం, చేపల పులుసు వడ్డించింది. అత్త తలెత్తకుండా కలుపుకుని ఒక ముద్ద తింది. రెండో ముద్ద తింది.

"పులుసు బాగున్నాదే పిల్లా" అంది.

మా అమ్మ ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచీ ఆవిడ వంటను అత్త ఏనాడూ మెచ్చుకోలేదు. ఎప్పుడైనా కూర పంపితే పులుపెక్కువైందనో, ముక్క చితికిందనో పొరుగింటి దాకా వినిపించేలా చెప్పేది, అమ్మ కూడా అంతే గట్టిగా జవాబిచ్చేది. ఆ మెప్పు విని అమ్మ గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

నాన్నా నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఆ రోజు పులుసులో ఉప్పు వెయ్యడం అమ్మ మరిచిపోయింది. నాన్న చెయ్యి ఉప్పు డబ్బా దాకా వెళ్లి, దాన్ని తాకకుండానే కంచంలోకి తిరిగొచ్చింది. ముగ్గురం అలాగే తినేశాం.