రెండు రాళ్ల సాక్ష్యం

2022 వేసవి. జహీరాబాద్ బస్టాండు వెనక గల్లీలో నేను సర్వే ఆఫీసు పెట్టి అప్పటికి ఆరేళ్లు. భూములు కొలిచి, పటం గీసి, సంతకం పెట్టి ఇవ్వడం నా పని. ఆడమనిషి యంత్రం భుజాన వేసుకుని గట్ల మీద తిరగడం ఇక్కడివాళ్లకు మొదట్లో వింతగా ఉండేది. తర్వాత అలవాటైపోయింది. వింత పోయి మజ్జిగ ఇవ్వడం మిగిలింది.

న్యాల్‌కల్ వైపు ఒక ఊరి పెద్దమనుషులు ఫోన్ చేశారు. సంగమ్మ అనే రైతుకూ, ఆమెకు ఉత్తరాన పొలమున్న బస్వరాజుకూ బోరు తగాదా. బోరు వేయించింది సంగమ్మ. అది హద్దు దాటి తన చేనులో పడిందని బస్వరాజు వాదన. సంగతి తేలేదాకా ఎవరూ మోటరు వేయకూడదని పెద్దలు స్టార్టర్ డబ్బాకు తాళం వేశారు. సంగమ్మ అప్పుడే ఎకరన్నర అల్లం నాటింది. ఆమెకు మరో నీటి ఆధారం లేదు. మే నెల ఎండకు విత్తనపు దుంప మట్టిలోనే ఎండిపోతుంది. నేను వెళ్లేసరికి తాళం పడి ఐదు రోజులైంది.

పద్ధతి చెప్తాను. టోటల్ స్టేషన్ అని దూరాన్నీ కోణాన్నీ కలిపి కొలిచే యంత్రం ఉంటుంది. దాన్ని ఒకచోట నిలబెట్టి, కొలవాల్సిన ప్రతి చోటా పైన అద్దం బిగించిన ప్రిజం కర్ర పట్టిస్తాం. యంత్రం నుంచి తూర్పుకు ఎన్ని మీటర్లో అది ఎక్స్, ఉత్తరానికి ఎన్ని మీటర్లో అది వై. తొమ్మిదో తరగతి లెక్కే. కంప్యూటర్ పటం ఎలాగూ తర్వాత వస్తుంది. నేను మాత్రం అక్కడికక్కడే గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టి చూపిస్తాను. కళ్ల ముందు గీసిన గీతను జనం నమ్ముతారు. కర్ర కూడా ఇరుపక్షాల చేతా పట్టిస్తాను. రేపు ఎవరూ నన్ను అనడానికి ఉండదు.

టిప్పన్ అంటే సర్కారు దగ్గరుండే పాత కొలతల పటం. అందులో ఈ హద్దు పడమర నుంచి తూర్పుకు ఒకే తిన్నని గీత. దాని మీద మూడు రాళ్లు. మూడూ దొరికాయి. పడమటి రాయి (10, 20). తూర్పు రాయి (210, 60). ఈ రెండూ పసుపు, కుంకుమ బొట్లతో గట్టిగా నిలబడి ఉన్నాయి. ఆ ఊళ్లో ఏరువాకనాడు హద్దురాళ్లకు బొట్టు పెట్టడం ఆచారం. నడిమి రాయి ముళ్లపొదలో ఉంది. కాస్త పక్కకు ఒరిగింది, బొట్టు లేదు.

రెండు చివరి రాళ్లనూ కలిపి గీత గీశాను. దాని సమీకరణం సులువుగానే వచ్చింది. ఎక్స్‌ను ఐదుతో భాగించి పద్దెనిమిది కలిపితే వై. సరిచూశాను. పదిని ఐదుతో భాగిస్తే రెండు, పద్దెనిమిది కలిపితే ఇరవై. సరిపోయింది. రెండు వందల పదికి నలభై రెండు, పద్దెనిమిది కలిపితే అరవై. అదీ సరిపోయింది. నడిమి రాయికి మాత్రం ఎక్స్ నూట పది కాబట్టి వై నలభై రావాలి. యంత్రం నలభై ఒకటి చూపించింది. మీటరు తేడా. ట్రాక్టరు తగిలి జరిగి ఉంటుందని పక్కన పెట్టేశాను. ఒరిగిన రాయి మాట ఎవరు నమ్ముతారు?

బోరు (160, 51). గీత ప్రకారం అక్కడ వై యాభై. అంటే బోరు గీతకు ఉత్తరంగా, మీటరు మేర బస్వరాజు చేనులో ఉంది. పదిమంది ముందు అదే చెప్పాను. సంగమ్మ ఏడవలేదు, తిట్టలేదు. కూర్చుని, కాగితం మీది చుక్కలను వేలితో ఒక్కొక్కటే తాకి చూసింది. ఆమెకు యాభై దాటి ఉంటాయి. చదువు లేదు.

"నడిమి రాయి గీత మీద లేదేంది బిడ్డా?" అంది.

"అది జరిగిందమ్మా. చివరి రాళ్లు రెండూ లెక్కకు సరిపోయినయ్."

"ఆ రెండు రాళ్లను పట్టుకొని గీత గీస్తివి. మల్ల ఆ రెండిట్నే అడిగితే ఔననే అంటయ్ గద. దీన్ని అడుగు, ఇది కాదంటుంది."

ఎవరో నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఏ రెండు చుక్కలు కలిపి గీత గీసినా ఆ రెండూ సమీకరణానికి సరిపోయి తీరతాయి. అది సరిచూడడం కాదు, చెప్పిందే చెప్పుకోవడం. గీత గీయడానికి వాడని చుక్క ఒకటి వచ్చి ఒప్పుకుంటేనే లెక్క నిలుస్తుంది. నా దగ్గర అలాంటిది ఒకే ఒక్కటి ఉంది. అది కాదన్నందుకే దాన్ని పక్కన పడేశాను.

"మా మామ చెప్తుండె, సర్వేవోళ్లు రాయి పాతేటప్పుడు కింద బొగ్గులు, కుండపెంకులు ఏసిన్రని. జర తవ్విచూడు" అంది సంగమ్మ.

ఈ సంగతి నాకు శిక్షణలోనే చెప్పారు. రాయి కదిలినా బొగ్గు కదలదు, కుళ్లదు. కానీ మంచి యంత్రం చేతిలో ఉన్నవాళ్లకు గడ్డపార గుర్తుకు రాదు.

నడిమి రాయి కింద తవ్వించాను. రెండడుగుల లోతులో బొగ్గులు, ఎర్ర పెంకులు. పడమటి రాయి కిందా ఉన్నాయి. తూర్పు రాయి కింద ఏమీ లేదు, ఉత్త నల్లమట్టి. నిజంగా ఆ రాయి ఎక్కడుండాలో లెక్క వేశాను. పడమటి రాయి నుంచి నడిమి రాయికి తూర్పుగా వంద మీటర్లు పోతే గీత ఇరవై ఒక్క మీటర్లు ఉత్తరానికి పోతోంది. ఇంకో వంద పోతే ఇంకో ఇరవై ఒకటి. అంటే (210, 62). ఉన్న రాయికి రెండు మీటర్లు ఉత్తరాన గుర్తు పెట్టి తవ్వమన్నాను. రెండడుగులు దిగాక గడ్డపార పోటుకు నల్లగా బొగ్గు బయటపడింది.

బస్వరాజు తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"ఆ రాయి నేనే పాతిన మేడం. మూడేండ్ల కింద బండ్లబాట సాపు చేసేటప్పుడు జేసీబీ పెరికేసింది. గట్టు చూసుకొని అందాజుగ పెట్టిన. దగా చెయ్యాలని కాదు."

"మరి పొద్దున్నే చెప్పకపోతివేంది?" అన్నాడు ఒక పెద్దాయన.

"బొట్టు పెట్టి మొక్కుతుంటిమి. అదే అసలు జాగ అనుకున్న" అన్నాడు.

నేనతన్ని నమ్మాను. మూడు ఏరువాకల పసుపు పడితే నిన్నమొన్నటి రాయి కూడా తాతలనాటి రాయిలాగే కనిపిస్తుంది. నేను మోసపోయింది కూడా ఆ పసుపుకే.

కొత్త గీత ప్రకారం బోరు దగ్గర హద్దు యాభై ఒకటిన్నర. బోరు యాభై ఒకటి. అరమీటరు లోపల, సంగమ్మ చేనులోనే ఉంది. పొద్దున చెప్పింది తప్పని, తప్పు రాయిది కాదు నాదేనని ఆ పదిమంది ముందే చెప్పాను. చెప్పడానికి సిగ్గేసింది. చెప్పాక తేలికపడలేదు కూడా. బస్వరాజు పటం మీద వేలిముద్ర వేసి, తాళంచెవి ఇమ్మని తనే పెద్దలను అడిగాడు. మోటరు వేస్తే మొదట గాలి, తర్వాత ఎర్రనీళ్లు, ఆ తర్వాత తెల్లనీళ్లు వచ్చాయి. సంగమ్మ నాకేమీ కృతజ్ఞతలు చెప్పలేదు. నీళ్లు మడిలోకి మళ్లించడానికి పార తీసుకుని వెళ్లిపోయింది. ఆమెకు అంత తీరిక లేదు.

అప్పటినుంచి గీతకు వాడని మూడో చుక్క లేకుండా నేను సంతకం పెట్టను. అది దొరకకపోతే వెతుకుతాను, తవ్విస్తాను, మళ్లీ రేపు వస్తానంటాను. ఆలస్యం చేస్తుందని నాకు పేరొచ్చింది. రానీ.

నేను తప్పు చెప్పినందుకు అంతగా బాధ లేదు. ఆ రోజు సంగమ్మ నోరు మెదపకపోయి ఉంటే పటం మీద సంతకం పెట్టి, పన్నెండు గంటల బస్సుకు జహీరాబాద్ చేరి, అన్నం తిని పడుకునేదాన్ని. లెక్క సరిచూసుకున్నాను కాబట్టి హాయిగా నిద్ర పట్టేది. నాకు ఇప్పటికీ భయం వేసేది ఆ నిద్ర తలుచుకునే.