అత్త దిగకుండా చక్రం మార్చిన రోజు

యుద్ధం రోజుల్లో నేను రాజాంలో ఒక ధాన్యం షావుకారి కారు నడిపేవాణ్ణి. అప్పట్లో సామాన్లు దొరికేవి కావు. మా జాకీ మర అరిగిపోయి, సగం లేచాక జారిపోయేది. దాన్ని మూలన పడేశాను. ఒకచోట తాటి దుంగతో ఎత్తేవాణ్ణి, ఇంకోచోట కాలవగట్టు అంచున చక్రం గాల్లో ఉండేలా నిలిపేవాణ్ణి. ఎక్కడ ఆగినా కారు బాగుచేసుకుని బయటపడతానన్న ధీమా నాకుండేది.

ఒకరోజు పొద్దున్నే షావుకారికి ధాన్యం అమ్మే రైతు ఒకాయన పరుగున వచ్చాడు. ఆయన్ని వరస కలిపి మావా అని, ఆయన భార్యని అత్తా అని పిలిచేవాణ్ణి. కళ్ళంలో జారిపడి ఆయన భార్యకి తుంటి ఎముక విరిగింది. ఎడ్లబండి కుదుపు ఆవిడ ఓర్చుకోలేకపోతోంది. షావుకారు మారుమాట లేకుండా కారు తీయమన్నాడు. మంచం మీద మోసుకొచ్చి, ఆవిణ్ణి వెనక సీట్లో పడుకోబెట్టి శ్రీకాకుళం ఆసుపత్రికి బయల్దేరాం.

సగం దారిలో వెనక ఎడమ చక్రం గాలి పోయింది. స్టెప్నీ ఉంది గానీ ఎత్తే సాధనం లేదు. ఆవిణ్ణి దించుదామంటే, చెయ్యి వేస్తేనే కేక పెడుతోంది.

అంతలో రెండు గడ్డిబండ్లు వచ్చాయి. రైతు వాళ్ళని ఆపాడు.

"ఇరుసు కింద దుంగెట్టి అందరం తొక్కితే లేస్తాది" అన్నాడు.

"లేస్తాది మావా. జారితే అత్త పానం మీదకొస్తాది. కారుని కదపొద్దు. చక్రం కింద నేల తవ్వుతాను" అన్నాను నేను.

లోపల్నించి ఆవిడ అంది: "గొయ్యి తవ్వుతాడా? ఈడికి మతుందా?"

"ఉన్నాది అత్తా. నువ్వు కదలకుండా పడుకో."

"నన్నెత్తకండి, అదే సాలు. ఏటి సేస్తాడో సెయ్యనీండి."

ఆ మాటతో రైతు దుంగ సంగతి వదిలేశాడు. పక్క కళ్ళంలోంచి పార, గునపం, కూర్చోడానికి వాడే గట్టి చేవమొద్దు తెప్పించాను. మిగతా చక్రాలకి ముందూ వెనకా రాళ్ళు పెట్టాను. గాలి పోయిన చక్రం నేల మీద ఉండగానే నట్లు వదులు చేశాను. బండివాళ్ళ దగ్గర చెక్కపలక ఒకటి తీసుకుని ఇరుసు కింద పరిచి, దాని మీద మొద్దు నిలబెట్టాను. ఇరుసుకీ మొద్దుకీ మధ్య సందులో చెక్కముక్కలు దిగ్గొట్టాను. తర్వాత చక్రం కింద మట్టి కొంచెం కొంచెంగా తీశాను. బరువు మొద్దు మీదకి చేరుతున్నప్పుడు కారు కిర్రుమంది.

"ఒరే, పడిపోతన్నానా?" అని అత్త అరిచింది.

రైతు ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. నేను మొద్దుని తట్టి చూశాను. చలించలేదు.

"లేదత్తా, నీ బరువు మొద్దు మోస్తన్నాది" అన్నాను.

ఇంకాస్త తవ్వేసరికి చక్రం చేత్తో తిప్పితే తిరిగింది. దాన్ని ఊడదీసి, గొయ్యి ఇంకొంచెం లోతు చేసి, స్టెప్నీ బిగించాను. కింద రాళ్ళూ మట్టీ వేసి గునపంతో గట్టిగా కూరాను. చివరికి మొద్దు కింది పలక అడుగునుంచి మట్టి లాగేస్తే కారు మెల్లగా తన చక్రాల మీదే కూర్చుంది.

"అయిపోనాదా?" అంది అత్త.

"అయిపోనాది."

"ఏటీ తెలీనేలేదు!"

రాళ్ళు తీసి కారు కాస్త ముందుకి జరిపాను. వెనకొచ్చే బండ్ల ఎద్దులు కాలు మడతపడకుండా, రైతు బండివాళ్ళతో కలిసి ఆ గొయ్యి పూర్తిగా పూడ్చాడు. వచ్చి నా పక్క సీట్లో కూర్చున్నాక భుజం మీద చెయ్యి వేసి, "పోనీ అల్లుడా" అన్నాడు.

ఆసుపత్రిలో అత్త ఎముక అతికింది గానీ ఒక కాలు కాస్త పొట్టయింది. చేతికర్రతో నడిచేది. ఆసుపత్రి నించి ఇంటికి తెచ్చింది నేనే. ఈసారి ఆవిడ ముందు సీట్లో కూర్చుంది. కల్వర్టు కనబడ్డ ప్రతిసారీ నేను వేగం తగ్గిస్తుంటే విసుక్కుంది.

"నానేటి పిండిబొమ్మనా? బేగి పోనీరా, ఇంటికాడ గేదె ఈనిందట!"