పదిహేనో నెంబరు ఉత్తరం

ఇందుమూలముగా యావన్మందికి తెలియజేయునది ఏమనగా... నేటి నుండి మా ఇంట్ల, ఫోన్ల మెసేజ్ పెట్టిన పది నిమిషాలకు జవాబు రాలేదని మూతి ముడుచుటకు పెండ్లానికి గాని, బిడ్డకు గాని, అల్లునికి గాని ఎటువంటి హక్కు లేదు. కాదని ముడిచినోళ్లకు పప్పుల పోపు ఉండదు. వంట నేనే చేస్త కాబట్టి ఇది ఫైనల్.

ఎందుకింత కోపమంటరా... చెప్త.

మా చిన్నప్పుడు... చొప్పదండి అవుతల మా ఊర్ల, మా ఇంటికి ఉత్తరమొస్తె వాడకట్టంత వచ్చి అరుగు మీద కూసునేది. బాపు ఫౌజుల ఉండె. దేశం నెత్తి మీద యాడనో మంచుగుట్ట... ఎనిమిది మంది, ఒక రేకుల గుడిసె. అంతే గా కావలి పోస్టు. అవ్వకు సదువు రాదు. ఐదో తరగతి తన్నుకుంట సదివే నేనే ఆ ఇంటికి పెద్ద పండితున్ని.

బాపు ఉత్తరాలల్ల అన్నీ వింతలే. కోడిగుడ్డు రాయి లెక్క గడ్డకడ్తదట, సుత్తెతోని కొట్టాల్నట. మంచు కరగవెట్టుకొని తాగుడట. కిరోసిన్ స్టవ్ పొగకు ఉమ్మితే నల్లగ వస్తదట. నెలల తరబడి స్నానం లేదట... నాకైతే అదే స్వర్గం అనిపించేది.

హెలికాప్టర్ వస్తెనే ఉత్తరాలు కిందికి దిగుతయ్. నెలయినంక అన్నీ ఒక్కపారి వచ్చి మీద వడ్తయ్... ముందుది ఎనుక, ఎనుకది ముందు. అందుకే బాపు ప్రతి ఉత్తరం మూలకు ఒక నెంబరేసి, చుట్టూ సున్న చుట్టెటోడు. అవ్వకు అక్షరాలు రావు గని అంకెలొచ్చు. నెంబర్ల ప్రకారం పేర్చి నా చేతికిచ్చేది.

ఆ యేడు దసరా అయినంక రెండొచ్చినయ్. పద్నాలుగు... పదహారు. పదిహేను లేదు.

పద్నాలుగుల మామూలు ముచ్చట్లే. బర్రె ఈనిందా, పిలగాడు సదువుతుండా, చెప్పులు లేకుంట పొలంకాడికి పోకు పాములు తిరుగుతయ్... గిసొంటియే. పదహారు చిన్నది. "పోయిన ఉత్తరంల చెప్పిన పని తప్పకుండ చెయ్యి. నువ్వు చేసినవని తెలిస్తెనే నాకు పాణం నిమ్మలం. ఇగ మంచు మొదలైంది. మల్ల ఎప్పుడు రాస్తనో."

అంతే. దారి బందయింది.

అవ్వ నా మొఖం చూసింది. "ఏం పనిరా?"

"పదిహేనుల ఉంటది."

"పదిహేనేదిరా?"

మేం ఉత్తరం రాసి అడిగినం. మంచు కరిగేదాక అది గుట్ట కింద సంచిల పడుండుడే.

ఇగ మా బాపమ్మ మొదలువెట్టింది. "నా కొడుకు పాణం మీదికొస్తెనే గట్ల రాస్తడు. నువ్వు కూసొని సూడు" అని కోడలిని పొడుసుడే పొడుసుడు.

ఏ పనో తెల్వక అవ్వ అన్ని పనులు చేసింది. ఇంటి మీద గూనపెంకలు సదిరిచ్చింది. కూలేటట్టున్న గోడకు మట్టి పెట్టింది. వేములవాడ గుడికి పోయి మొక్కు కింద కోడెను కట్టింది. నాకు గుండు కొట్టిచ్చింది. "నా గుండు గురించి బాపు ఎందుకు రాస్తడే" అంటె, "రాయలేదని నీకు తెలుసా?" అన్నది.

వారానికి రెండుపార్లు వట్టి కాళ్లతోని చొప్పదండి పోస్టాఫీసు దాకా నడిచేది. "పదిహేను వచ్చిందా సారూ?" "రాలేదమ్మా." మల్ల ఎనుకకు. తినుడు బందువెట్టింది. పొయ్యి మీద అన్నం మాడుతుంటె దాన్నే చూసుకుంట కూసునేది. చెంపలు లోపలికి పోయినయ్...

అప్పుడు నా దరిద్రపు తెలివి నిద్ర లేసింది. పాత ఉత్తరం మీది నెంబరు గీకి పదిహేనని ఏసి, సున్న చుట్టి, "అవ్వా, దొరికింది!" అని ఉరికొచ్చిన. సదివిన... "పిలగానికి సైకిల్ కొనియ్యి."

దొరికిపోత, తంతది అనుకున్న. తన్నలే. ఆ కాయితం కండ్లకద్దుకుంది. "ఇంతేనా దేవుడా... ఇంతేనా" అనుకుంట అక్కడనే కూలవడ్డది. ఆ పూట కడుపునిండ తిన్నది. తిన్నంక సైకిల్ కోసమని చెవుల కమ్మలు తీసింది.

నాతోని కాలే. "అబద్ధం అవ్వా" అన్న.

బాపమ్మ చీపురుతోని కొట్టింది. అది నయం. అవ్వ రెండు దినాలు గోడ దిక్కు తిరిగి పండింది.

ఎండకాలం మొదట్ల బాపు వచ్చిండు. నల్ల ట్రంకు పెట్టె, పొట్టు లేసిన మొఖం. చెంబు నీళ్లు చేతికియ్యకముందే అవ్వ అడిగింది, "పదిహేనుల ఏం రాసినవ్?"

"ఏ పదిహేను?"

రెండు ఉత్తరాలు ముందట పెట్టింది. బాపు చానసేపు చూసిండు.

"గా ఎత్తుల గాలి ఆడదు... మతి సక్కగ పనిచెయ్యదు. పద్నాలుగు ఎనుక పదహారు ఏసిన్నేమో. పదిహేను రాయనే లేదు."

"మరి గా పని?"

"చెప్పులే. చెప్పులేసుకొమ్మన్న గద."

అవ్వ తన కాళ్ల దిక్కు చూసుకుంది. మడిమెలు పగిలి నెత్తురు నల్లగ ఎండి ఉంది. బాపు పగలవడి నవ్విండు. అవ్వ నవ్వింది. బాపమ్మ నవ్వుకుంట నన్ను ఇంకోటి పీకింది.

ఇప్పుడు మా ఊరి పోరగాళ్లు గసొంటి గుట్టల మీదికెల్లి వీడియో కాల్ జేస్తుండ్రు. వాళ్ల కడుపు సల్లగుండ. మొఖం కనవడ్తె చాలు, సగం బెంగ పోతది... మాకు గా సగం గూడ దొరకలే. మీ ఇండ్లల్ల ఫౌజోళ్లుంటే, ఏం రాసెటోళ్లో కింద చెప్పుండ్రి. ఉన్నదున్నట్టు చెప్పుండ్రి, కలపకుండ్రి.

గా మాటన్నంక నేను దాసుడు బాగుండది. నేనొకటి కలిపిన. ఆ దినం ఎవ్వలు నవ్వలే.

బాపు ట్రంకు పెట్టె మీద కూసొని, వేళ్ల మీద ఒకటికెల్లి లెక్కవెట్టిండు. పన్నెండు... పదమూడు... పద్నాలుగు... ఆగిండు. నా దిక్కు చూసి, అవ్వకు ఇనవడకుంట సిన్నగ అడిగిండు.

"దీని తర్వాత ఎంత బిడ్డా?"