వేడి రాని కారు, పుష్యమాసపు మంచు

నవంబరు, దీపావళి వెళ్లిన వారం. సర్వీసుకిచ్చిన కారును కడప ఊరి బయటి షెడ్డు నుంచి తెచ్చుకున్నాను. హీటరు మీటను ఎర్రగీత వైపు తిప్పితే చల్లగాలి వచ్చింది. ఇంజను వేడెక్కితే గాలీ వేడెక్కుతుందని షెడ్డు యజమాని చెప్పాడు. ఇంజను వేడెక్కింది. గాలి వేడెక్కలేదు.

డిసెంబరు మొదట్లో. మళ్లీ చూపించాను. మీటకున్న తీగ వదులైందని బిగించి పంపాడు. ఫలితం లేదు.

డిసెంబరు చివర్లో. రేడియేటరులో మామూలు నీళ్లకు బదులు పోసే కూలంటు మార్చారా అని అడిగాను. మార్చామన్నాడు. కడపలో హీటరు కోసం ఇన్నిసార్లు తిరిగే మనిషిని నేనొక్కడినేనని పక్కవాళ్లతో అని నవ్వించాడు.

జనవరి, మంచు దట్టంగా పడిన ఒక సోమవారం. ఆ కారులో నా భార్యకు ఊపిరి ఆగినంత పనైంది.

మొదటి మూడింటినీ ఏదో ఒక రోజు మరిచిపోగలను. నాలుగోదాన్ని మరిచిపోకూడదనే ఇదంతా రాస్తున్నాను.

నా భార్యకు ఉబ్బసం. ఎండాకాలం ఎలాగో గడుస్తుంది కాని, పుష్యమాసపు చల్లగాలి ఆమెకు పడదు. నెలకొకసారి కర్నూలులోని డాక్టరుకు చూపించాలి. అక్కడ చీటీ ముందుగా దొరకాలంటే కడప నుంచి తెల్లవారకముందే కదలాలి. బస్సులో కిటికీ తెరవడం, మూయడం మన చేతిలో ఉండవు కనుక పాతదైనా కారునే నమ్ముకున్నాం.

ఆ సోమవారం మైదుకూరు దాటాక మంచు కమ్మింది. ముందద్దానికి లోపలివైపు ఆవిరి పట్టసాగింది. వేడిగాలి తగిలితే పోయే ఆవిరి అది. గుడ్డతో తుడిచాను. తుడిచిన చోటే మళ్లీ పట్టింది. కిటికీ దించితే అద్దం తేటపడింది, ఆమెకు దగ్గు తెర మొదలైంది. కిటికీ ఎత్తితే దగ్గు తగ్గింది, రోడ్డు మాయమైంది. ఎదురుగా వచ్చే లారీల దీపాలు పసుపు మరకల్లా పెద్దవై, పక్కనుంచి గాలిని కోసుకుంటూ పోయేవి. ఏది ఎంత దగ్గరగా పోయిందో చూపు చెప్పలేదు, కారు ఊగడమే చెప్పింది.

చాగలమర్రి చేరబోతుండగా ఆమె దగ్గడం మానేసింది. తెలియనివాళ్లు దాన్ని మంచిదనుకుంటారు. దగ్గడానికి కూడా గాలి చాలని స్థితి అది. ఛాతీలో సన్నటి ఈల వినబడుతోంది. రోడ్డు పక్కన ఆపి, పీల్చే మందు ఇచ్చి, నా శాలువా కూడా ఆమెకు కప్పి, పొద్దు పొడిచేదాకా కూర్చున్నాం. పెదవులకు రంగు తిరిగివచ్చాక ఆమె నా వైపు చూడకుండానే అంది.

"ఇంగ ఈ బండెక్కను. డాక్టరూ వద్దు, ఏమీ వద్దు. అయ్యేదేందో ఇంట్లోనే కానీండి."

నలభై ఏళ్లుగా ఆమె మాట నాకు తెలుసు. అన్నదంటే అన్నట్టే. ఇక ఆమె వైద్యం సాగాలంటే ఆ కారులో వేడి రావాలి.

అక్కడి నుంచే వెనక్కి తిరిగి ఇంటికి వచ్చాక షెడ్డును నమ్మడం మానేసి నేనే వరుసగా పరీక్షించాను. ఫ్యాను తిరుగుతోంది, గాలి బలంగా వస్తోంది. కాబట్టి లోపం ఫ్యానుది కాదు. మీట తిప్పితే గాలిని మళ్లించే లోపలి తలుపు కదిలిన చప్పుడు వినబడుతోంది. ఇంజను వేడి చూపే ముల్లు మధ్యకు వచ్చి నిలబడుతోంది. అంటే వేడి పుడుతోంది, మా దగ్గరికి చేరడం లేదు. బానెట్టు ఎత్తి, ఇంజను నుంచి కారు లోపలికి పోయే రెండు రబ్బరు గొట్టాలను తాకి చూశాను. వేడినీళ్లు తీసుకుపోయేది చేయి కాలేలా ఉంది. వాటిని తిరిగి తెచ్చేది చల్లగా ఉంది. ఈ రెంటికీ నడుమ, డ్యాష్‌బోర్డు వెనుక, ఒక చిన్న రేడియేటరు ఉంటుంది. అందులో నీళ్లు కదలడం లేదన్నమాట.

ఇంజను చల్లారాక రెండు గొట్టాలూ విప్పి, చెట్లకు నీళ్లు పట్టే పైపును చల్లటి గొట్టం వైపు నుంచి, అంటే ఎదురుదిక్కుగా, మెల్లగా తగిలించాను. మరో గొట్టం కొస కింద బకెట్టు పట్టుకొమ్మని ఆమెను పిలిచాను. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వచ్చి నిలబడింది.

"కారుకు ఎనిమా ఇస్తాండారా?" అంది.

చాలా రోజుల తర్వాత ఆమె వేళాకోళమాడింది. కూలంటు పచ్చగా ఉండాలి. బకెట్టులో పడినవి మొదట తుప్పునీళ్లు, తర్వాత తెల్లటి పెచ్చులు. ఆమె ఒకటి తీసి వేళ్ల మధ్య నలిపింది.

"మన నీళ్ల కాగుకు కట్టే ఉప్పే కదా ఇది. బండికి బోరు నీళ్లు తాపినారు."

చిన్న రేడియేటరులోని దారులు సన్నవి కనుక ముందు పూడుకుపోయాయి. ఇంజనును చల్లబరిచే పెద్ద రేడియేటరులో పడేవీ అవే నీళ్లు. ఇవాళ వేడి రానివ్వని ఈ ఉప్పు, అంటే బోరు నీళ్లలోని సున్నం, మే నెలలో వేడిని పోనివ్వదు. మా ఎండల్లో, నీడలేని రోడ్డు మీద ఇంజను ఉడికి ఆగిపోతే, పక్క సీటులో ఉండేది ఆమే.

సున్నాన్ని కరిగించే మందు పోసి రెండు రేడియేటర్లనూ పలుమార్లు కడిగాను. కూలంటు నింపి, లోపల చిక్కిన గాలి బుడగలు పోయేదాకా ఇంజను నడిపాను. రెండో గొట్టం వేడెక్కింది. ఆమె లోపల కూర్చుని గాలి వచ్చే చోట అరచేతులు పెట్టి, చాలాసేపు తీయలేదు. మళ్లీ ఎక్కుతానని అనలేదు. కాని కర్నూలుకు ఏ రోజు పోవాలో అడిగింది.

మర్నాడు ఆ పెచ్చులను ఒక సీసాలో వేసుకుని షెడ్డుకు పోయాను. యజమాని నీలం డ్రమ్ములోంచి చెంబుతో నీళ్లు ముంచి ఒక బండి రేడియేటరులో పోస్తున్నాడు. సీసా చూపించాను. అతడు దాచిపెట్టే ప్రయత్నమేమీ చేయలేదు.

"కూలంటు మన యండలకు యాడ నిలుస్తాది పెద్దాయనా? బోరు నీళ్లయితే సల్లగుంటాయి. ఈడికొచ్చే బండ్లన్నిటికీ ఇవే. నువ్వు తప్ప ఇంతవరకు ఎవురన్నా అడిగినారా?"

అప్పుడు ఆ బండిని చూశాను. మా పేటలో ఎవరికి ప్రాణం మీదికి వచ్చినా, పిలిస్తే వచ్చే ఆంబులెన్సు అది. రేపు నా భార్యకు ఊపిరి అందకపోతే వచ్చేదీ అదే.

"అది ఆంబులెన్సప్పా," అన్నాను.

"అయితే ఏం? దాంట్లో హీటరు వాడేవాళ్లు ఎవురుండారు?" అని చెంబు మళ్లీ ముంచాడు.

కనుక షెడ్డు యజమాని గారికి పైన రాసినదాని ప్రతిని స్వయంగా అందజేస్తున్నాను. నా కారులో కూలంటు మార్చామని చెప్పి బోరునీళ్లు ఎందుకు పోశారు? ఆ డ్రమ్ములోని నీళ్లు ఇంకా ఏ ఏ బండ్లలో ఉన్నాయి? ఆ ఆంబులెన్సు రేడియేటరును ఎప్పుడు కడిగించి కూలంటు నింపుతారు? ఆ బండ్ల యజమానులకు మీరే తెలియజేస్తారా, నన్ను తెలియజేయమంటారా? నోటిమాటగా ఏది చెప్పినా అంగీకరించను. ఎండలు ముదరకముందే, ఉగాదిలోపు, మీ సంతకంతో లిఖితపూర్వకమైన సమాధానం ఇవ్వవలసిందిగా ఇందుమూలముగా కోరుతున్నాను.