చిన్నాయన జట్టులో నేను లేను

మా చిన్నాయన పోయాడన్న కబురు నాకు ఒక పరాయి అమ్మాయి చెప్పింది. ఆ సాయంత్రం నేను రాయదుర్గంలో, మా ఆఫీసు మీటింగులో ఉన్నాను. తెలియని నంబరు పదే పదే మోగుతుంటే బయటికొచ్చి ఎత్తాను. "మీ బాబాయి గారిని ఆసుపత్రికి తీసుకొచ్చామండి, మీరు తొందరగా రండి" అని, ఆ తర్వాత ఆపుకోలేక ఏడ్చేసింది. ఆ ఏడుపుతో నాకు సంగతి అర్థమైంది. అర్థమైన ఆ క్షణంలో నాకు కలిగింది దుఃఖం కాదు, ఉక్రోషం. నాకంటే ముందు ఈమె ఏడవడమేమిటి?

"ఎవరమ్మా నువ్వు?" అని అడిగాను.

"సాబ్ టీములో ఉంటానండి."

టీమంటే ఫోనులో ఆడే తుపాకుల ఆటలో జట్టు. నలుగురు కలిసి విమానంలోంచి ఒక దీవి మీదికి దూకుతారు. ఎదురుపడిన జట్టునల్లా కాల్చుకుంటూ పోతారు. చివరికి మిగిలినవాళ్లు గెలిచినట్టు. డెబ్బైకి దగ్గరపడిన మా చిన్నాయన, మిలిటరీలో పనిచేసి వచ్చిన మనిషి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని ఈ ఆట ఆడేవాడు. ఆ రోజు ఆట మధ్యలో ఆయన ఊపిరి తేడాగా వినిపించిందట. ఆ అమ్మాయి నర్సు కాబట్టి పోల్చుకుంది. జట్టులోనే ఉన్న ఒక క్యాబ్ డ్రైవరుకు చెబితే, అతను గచ్చిబౌలి నుంచి కారు తిప్పుకుని ఖాజాగూడలో మా ఫ్లాటుకు వచ్చాడు. వాచ్‌మన్ దగ్గరున్న తాళంతో తలుపు తీయించి, నా నంబరు కూడా తీసుకుని, ఇంట్లో ఒంటరిగా ఉన్న ఆయనను ఎత్తుకుపోయాడు. చిన్నాయన ప్రాణం దారిలోనే పోయింది. పక్కన ఆ డ్రైవరున్నాడు. నేను లేను.

ఆ ఇద్దరికీ నేను జన్మంతా రుణపడి ఉండాలి. ఉన్నాను కూడా. అయినా కడుపులో మంట చల్లారలేదని మీతో ఒప్పుకుంటే తప్పేముంది? పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు అందరూ మంచివాళ్లయిపోతారు, నాకది చేతకాదు.

ఆయన మా నాయనకు తమ్ముడు. పెళ్లి చేసుకోలేదు. నా చిన్నప్పుడు ఏడాదికోసారి సెలవు మీద వచ్చేవాడు. నల్ల ట్రంకుపెట్టెలోంచి నాకోసం ఎండు ఖర్జూరాల పొట్లం తీసేవాడు. నేను ఆయన మోకాలి మీదికెక్కి "బార్డర్ల ఏం జేస్తరు చిన్నాయనా?" అని ప్రాణం తీసేవాణ్ని.

"ఏముంటది బిడ్డా, సలి. ఒకటే సలి" అనేవాడు.

అంతకుమించి ఒక్క ముక్క రాలేది కాదు. పెద్ద వీరులు చేసింది చెప్పుకోరు కాబోలు అనుకున్నాను. బడిలో మాత్రం ఆ ఖర్జూరాలు తలా ఒకటి పంచి, మా చిన్నాయన కొండ మీద ఒక్కడే నిలబడి శత్రువులను తరిమిన కథలు నేనే అల్లి చెప్పాను. ఖర్జూరాలు అయిపోయేదాకా అందరూ నమ్మారు.

మా నాయన పోయాక ఆయనను నా దగ్గరికి తెచ్చుకున్నాను. బతిమాలి తెచ్చుకున్నాను. ఇన్నేళ్లకు దొరికాడు, ఇక కథలన్నీ నావే అని మనసులో ఒక లెక్క ఉండేది. కథలు రాలేదు గానీ, పొద్దున పూట మాత్రం ఆయన పూర్తిగా నావాడు. బాల్కనీలో ఇద్దరం చాయ్ పట్టుకుని కూర్చునేవాళ్లం. ఫోనులో టెక్నాలజీ వార్తలు గట్టిగా పెట్టుకుని, ఒక్కోదాని మీద తీర్పు చెప్పేవాడు. ఆ తీర్పులకు అప్పీలు ఉండేది కాదు.

మధ్యకు మడతపడే ఫోను వచ్చిందంటే, "మడతపెట్టుటానికి అది చద్దరా ఏందిరా?" అన్నాడు. ఏది అడిగినా జవాబు చెప్పే ఏఐ గురించి రెండు రోజులు ఆలోచించి, "తెల్వదు అననోణ్ని పహారాకు పెట్టొద్దు బిడ్డా" అన్నాడు. నేను సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే టెస్టింగ్ పని చేస్తాను. ఆ ఏఐ వచ్చి మా కొలువులు మింగేస్తుందని మా ఫ్లోరంతా పరేషాన్‌గా ఉన్న రోజులవి. ఆ మాట చెబితే నా భుజం మీద చెయ్యేసి, "ఫికర్ చెయ్యకు. తప్పులు చేసేటోళ్లు ఉన్నన్ని దినాలు పట్టేటోని పని యాడికి పోదు" అన్నాడు. మా మేనేజరు గంటసేపు ఇచ్చిన ధైర్యం కన్నా నాకది ఎక్కువ పనికొచ్చింది.

సైనికుల బదులు డ్రోన్లే యుద్ధం చేస్తాయని ఒకరోజు వార్త. ఆయన చాయ్ పక్కన పెట్టేశాడు. "వాటికి ఆకలి కాదు గదరా. ఆకలి కానోళ్లు కొట్లాడితే లడాయి ఎన్నడు ఒడుస్తది?" అన్నాడు. పది నిమిషాల్లో భోజనం తెచ్చిస్తామనే యాప్ మీద మాత్రం ఎందుకో కోపం ఎక్కువ. "గంత జల్ది వచ్చిందంటే వండినట్టు గాదు, ఎచ్చజేసినట్టు" అనేవాడు. మిలిటరీ క్రమశిక్షణ కాబోలు అనుకుని నవ్వేవాణ్ని.

సాయంత్రం అయిందంటే మాత్రం ఆయన నా చేతిలోంచి జారిపోయేవాడు. గది తలుపు ఓరగా వేసుకుని ఆటలో కూర్చునేవాడు. నేను ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే లోపలినుంచి నవ్వు వినిపించేది. కడుపు పట్టుకుని, దగ్గు వచ్చేదాకా నవ్వేవాడు. నాతో అట్లా ఒక్కనాడూ నవ్వలేదు. మధ్యమధ్య మిలిటరీ మాటలు చెవిన పడేవి. "మేం మంచు మీదున్నప్పుడు ఒకపాలి ఏమైందంటే..." అని మొదలుపెట్టేవాడు. నేను నీళ్ల సీసా నెపంతో తలుపు దగ్గరికి పోయేసరికి, నన్ను చూసి ఆపేసి "వచ్చినవా బిడ్డా" అనేవాడు. ముక్కూ మొహం తెలియని వాళ్లకు చెప్పే కథ సొంత అన్న కొడుక్కి చెప్పకూడదా? నా భార్యతో అంటే, "మీరూ ఆ ఆట ఆడండి, చెప్తరు" అంది. ఆమెకు వేళాకోళంగానే ఉంటుంది.

ఒకసారి మాత్రం వెనక నిలబడి చూశాను. ఆయన తుపాకీ కాల్చడం లేదు. వీపు సంచి నిండా కట్లూ మందులూ వేసుకుని, దెబ్బ తగిలి పడిపోయిన వాళ్ల దగ్గరికి పాకుకుంటూ పోయి లేపుతున్నాడు. అవతల బాంబులు పడుతున్నా ఆయనకదే పని. "ఉరుకకుండ్రి. ముందుగాల పడ్డోణ్ని లేపుండ్రి. గెలుపు యాడికి పోతది" అంటున్నాడు. అనుభవం ఉన్న యోధుడంటే ఇట్లా ఉంటాడు అని పొంగిపోయాను. జెండా పండుగనాడు మా అపార్ట్‌మెంటులో ఆయనను ముందు వరుసలో నిలబెట్టి, మైకు పట్టుకుని, "సరిహద్దుల్లో మన కోసం పోరాడిన మనిషి మా ఇంట్లో ఉన్నాడు" అని ఉపన్యాసం దంచాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన తల దించుకుని తన బూట్ల వైపు చూసుకున్నాడు. వినయం అనుకున్నాను.

వంటింట్లోకి మాత్రం ఆయన అడుగు పెట్టేవాడు కాదు. చాయ్ కూడా కలుపుకునేవాడు కాదు. నా భార్య పుల్కా వేస్తే, దాని అంచును వేలితో ఒకసారి నొక్కి చూసి, ఏమీ అనకుండా తినేవాడు. ఆమెకు ఒకసారి జ్వరం వచ్చి పడుకుంటే నేను ఉప్మా చేశాను. అడుగంటింది. చిన్నాయన వంటింటి గడప దగ్గరికి వచ్చి, అక్కడే నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు. చేతులు వెనక్కి కట్టుకుని పొయ్యి వైపే చూశాడు. "ఏం కావాలె చిన్నాయనా?" అంటే, "ఏం లేదు బిడ్డా" అని వెళ్లిపోయి, ఆ మాడిన ఉప్మా మారు మాట్లాడకుండా తిని "మంచిగున్నది" అన్నాడు. ఆ కాలపు మగవాళ్లు అంతే, వంట జోలికి రారు అని నా భార్య తీర్మానించింది.

దినాలు చేసిన రోజు వచ్చింది. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి, విస్తట్లో పెట్టి ఫొటో ముందు ఉంచడం మావైపు ఆనవాయితీ. ముందురోజు నా భార్య "మామకు ఏమిష్టం?" అని అడిగింది. ఆయన అన్నీ తిన్నాడు, అన్నీ మంచిగున్నయన్నాడు. "మటన్ చెయ్యి, మిలిటరీ మనిషి గదా" అన్నాను.

ఆ జట్టులోంచి ఇద్దరే వచ్చారు. మూడో అతనికి సెలవు దొరకలేదట. నర్సమ్మాయిది గోదావరి వైపు, మాదాపూర్ హాస్టల్లో ఉంటుంది. డ్రైవరుది పాలమూరు. చేతిలో పెద్ద స్టీలు గిన్నె, మీద మూత, దానికి గుడ్డ కట్టి ఉంది.

"సాబ్ దాలన్నా" అన్నాడు డ్రైవరు. "లంగర్ల చేసేటి దాల్. ఈమెనే వండింది. సాబ్ ముందట పెడుదమని తెచ్చినం."

లంగరంటే మిలిటరీలో సిపాయిలకు వండిపెట్టే చోటని నాకు తెలుసు. అక్కడ మా చిన్నాయనకేం పని అని అడగబోయాను. ఆ అమ్మాయి నా కన్నా ముందు మొదలుపెట్టింది.

"సర్వీసంతా వంటేనంటండీ ఆయనకి. మంచు కొండల మీద పప్పు ఎంతకీ ఉడకదట కదా. అంత ఎత్తులో నీళ్లు మరిగినా చాలినంత వేడుండదంట. పహారా దిగి వచ్చినోళ్లకి ఉడకని పప్పు పెట్టకూడదని పొయ్యి దగ్గరే కూర్చునేవారంట. నా జన్మలో నేను గెలిచిన లడాయి అదొక్కటేనమ్మా అనేవారు." ఆమె కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. "నాకు ఆటలోనే నేర్పారండీ. హాస్టల్లో స్టవ్వు మీద పెట్టుకుని ఆడేదాన్ని. 'మూత తియ్యకు బిడ్డా, ఎడమకు జరుగు, గోడెనక ఇద్దరున్నరు, ఇగ జీలకర్ర వెయ్యి' అనేవారు. ఓసారి పోపు వేస్తా చచ్చిపోయాను కూడా."

నేను తల ఊపుతూ విన్నాను. అన్నీ ఎరిగినవాడిలా ఊపాను. లోపల మాత్రం ఒళ్లు మండిపోతోంది. ఆ నవ్వులన్నీ పప్పు గురించా! నాకు చలి ఒక్కటే చెప్పి, ఆ చలిలో పెట్టిన పొయ్యి సంగతి వీళ్లకు చెప్పాడా? ఎందుకు చెప్పలేదో తెలియనంత మూర్ఖుణ్ని కాదు నేను. ఖర్జూరాలు పంచిన రోజు నుంచి మైకు పట్టుకున్న రోజు దాకా నేను ఆయన చేతిలో తుపాకీ పెడుతూనే ఉన్నాను. అది దించి గరిటె పట్టుకుంటే నా మొహం ఎట్లా మారుతుందోనని గడప దగ్గరే ఆగిపోయి ఉంటాడు. వీళ్లకు ఆయన వీరుడు కానక్కర లేదు. అందుకని వీళ్లకు దొరికాడు.

విస్తట్లో ఒక గరిటె పప్పు పెట్టి దండం పెట్టుకున్నాక అందరం భోజనానికి కూర్చున్నాం. నా భార్య పప్పు వడ్డించింది. డ్రైవరు నా వైపు చూసి నిట్టూర్చాడు.

"నీదే నసీబన్నా. మేము మాటలు విన్నోళ్లమే, ఆయన చేతి బువ్వ తిననే లేదు. నువ్వు దినాం తిన్నవు. 'మావోనికి నా దాల్ లేకుంటే ముద్ద దిగది, పొద్దుగాల లేస్తనే చిన్నాయనా ఏం వండుతవు అంటడు' అని చెప్తుండె. మాకు మస్తు కుళ్లయ్యేది."

నా భార్య గరిటె గాల్లో ఆగిపోయింది. "మామ ఎన్నడూ..." అనబోయింది. నేను ఆమె వైపు చూశాను. ఆమె తర్వాతి కంచం వైపు జరిగింది.

"మీరు తిని చెప్పండి" అంది నర్సమ్మాయి, కంచం ముందు చేతులు ముడుచుకుని. "ఎన్నిసార్లు చేసినా సాబ్‌కి రుచి చూపించలేకపోయానండి. మీ ఒక్కరికే తెలుసు. ఆయన చేసినట్టే ఉందా?"

ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. మెత్తగా ఉడికిన పప్పు, నెయ్యి, జీలకర్ర. ఆయన చేతి వంట ఎట్లా ఉంటుందో తెలియని మనుషులం ముగ్గురం, వాళ్ల లెక్కలో మాత్రం తెలిసినవాణ్ని నేను. ఈ ఒక్క అబద్ధమైనా నాకోసం వదిలిపెట్టి పోయాడు. నేను నెమ్మదిగా నమిలాను.

"అల్లం కొంచెం తక్కువైంది" అన్నాను. "చిన్నాయన ఇంకాస్త ఎక్కువ వేసేవాడు."

"నేను అనుకుంటానే ఉన్నానండి" అని ఆ అమ్మాయి తలూపింది. "ఈసారి వేస్తాను."

డ్రైవరు తన కంచం ముందుకు జరిపి "ఇంకింత వెయ్యి వదినా" అన్నాడు. నా భార్య గిన్నె అందుకోబోయింది. ఇంటికొచ్చిన మనిషి, మా చిన్నాయనను చివరిసారి చేతుల మీద మోసిన మనిషి, అడిగి పెట్టించుకుంటుంటే కాదనకూడదు. నాకు తెలుసు. గిన్నె నా వైపు లాక్కుని, అడుగుదాకా ఊడ్చి, మిగిలిందంతా నేనే తిన్నాను.