బుధవారం మాత్రం ఆగని ఏసీ

2024 మే నెల. శబరి ఒడ్డున చింతూరులో నీడలోనే థర్మామీటరు 44 చూపిస్తోంది. అక్కడ నేను ఏసీ రిపేరు దుకాణం పెట్టి పద్నాలుగేళ్ళు. ఈ పని ఎవరూ నేర్పలేదు. పాత యూనిట్లు విప్పి, కొలిచి, నోటుబుక్కులో అంకెలు రాసుకుంటూ పట్టుకున్నాను. మాటలకన్నా అంకెలనే నమ్ముతాను.

ఆ నెలలో ఆసుపత్రి నర్సు పార్వతి ఫోన్ చేసింది. వాళ్ళది చల్లని కొండ మీది అనంతగిరి. ఉద్యోగం వల్ల భర్త, అత్త సోములమ్మ, నాలుగేళ్ళ పాపతో ఇక్కడ ఉంటున్నారు. ఆ పాపకు పుట్టుకతోనే చెమట పట్టదు. గది వేడెక్కితే ఒళ్ళు కాలిపోతుంది, జ్వరం వచ్చేస్తుంది. దాదాపు రోజూ మధ్యాహ్నం ఏసీ చల్లదనం మానేస్తోందట.

"ఇంకో పది రోజులు చూస్తాం, అన్నా. అప్పటికీ బాగవకపోతే పాపను అత్తతో కొండ మీదికి పంపేయాలి. నాకు సెలవు లేదు. నన్ను విడిచి అదెలా ఉంటాదో, నేనెలా ఉంటానో!" అంది.

వెళ్ళి చూశాను. లోపలికి లాగే గాలి 31 డిగ్రీలు, బయటికి వదిలే గాలి 19. తేడా పన్నెండు. అంటే మిషన్ ఆరోగ్యంగానే ఉంది. వైరు చుట్టూ పట్టుకుని కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ 6.8 ఆంపియర్లు చూపింది. గ్యాస్ సరిగ్గానే ఉంది. ఫిల్టర్ కడిగి వచ్చేశాను. మర్నాడు మళ్ళీ ఫోన్. మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ 6.8. నేనుంటే నడుస్తోంది, వెనుదిరిగితే ఆగుతోంది!

అప్పుడు పార్వతికి ఒక కాగితం మీద గళ్ళు గీసి ఇచ్చాను. మధ్యాహ్నం రెండుకు డ్యూటీకి వెళ్ళేలోపు ఏసీ ఎన్ని గంటలకు ఆగిందో, స్టెబిలైజర్ మీద వోల్టేజీ ఎంత ఉందో రాయమన్నాను. వారం తర్వాత ఆ కాగితం చూశాను. ఆరు రోజులు 11 నుంచి 2 లోపే ఆగింది. బుధవారం ఒక్కసారీ ఆగలేదు! వోల్టేజీ ఏమో అన్ని రోజులూ ఒకటే. ఎండ కూడా ఒకటే. బుధవారం చింతూరు సంత. సంతకూ ఏసీకీ ఏం సంబంధం?

గురువారం చెప్పకుండా వెళ్ళి తిన్నగా ఇంటి వెనక్కి నడిచాను. గోడకు బిగించిన ఔట్‌డోర్ యూనిట్, అంటే గదిలోని వేడిని బయటికి ఊదే పెట్టె, కనిపించలేదు! దాని ముందు తాళ్ళకు గుచ్చిన, విస్తర్లు కుట్టే అడ్డాకులు తెరలా వేలాడుతున్నాయి. వెనక ఫ్యాన్ మూలుగుతోంది.

"ఏటి బాబూ, కబురెట్టకుండా వచ్చేసినావు? ఉండుండు, బేగి తీసేత్తాను!" అంటూ సోములమ్మ పరుగెత్తుకొచ్చింది.

"తియ్యకమ్మా! ముట్టుకోకు!" అని అరిచాను.

"అదేటి? నువ్వొచ్చినప్పుడల్లా తీసేత్తన్నాను కదా. పనోడొత్తే అడ్డెడతామేటి? ఎండలో ఎడితే ఆకు పెళపెళలాడి ఇరిగిపోద్ది. ఈ గాలికైతే మెత్తగా ఆరతాది. మంచి పెట్టి బాబూ ఇది!"

సంత రోజు ఆ ఆకులతో కుట్టిన విస్తర్లన్నీ తీసుకుని బజారుకు పోతుంది. ఆ రోజు ఆకులు వేలాడదీయదు, పెట్టెకు ఊపిరాడుతుంది. లెక్క సరిపోయింది!

మీటర్ తగిలించాను. 7.9. 8.6. 9.4. పదిహేడో నిమిషంలో టక్కుమని కంప్రెసర్ ఆగింది. ఊదిన వేడిగాలి ఆకులకు తగిలి వెనక్కే వస్తోంది. పెట్టె ఉడికిపోయి, కాలిపోకుండా ఆపే ఓవర్‌లోడ్ స్విచ్ పడిపోతోంది.

"అత్తా! పాప గదిని ఉడకబెడతన్నది నీ ఆకులా?" అంది, మా మాటలు విని పెరట్లోకి వచ్చిన పార్వతి.

సోములమ్మ మొహం వాడిపోయింది. "నా మనవరాలు గుంటకి నానే జొరం తెచ్చినానా?" అని మట్టిలోనే కూలబడింది. "ఇంక ఆకు ముట్టను బాబూ."

"మానక్కర్లేదమ్మా, ఎంత దూరమో కొలుద్దాం" అన్నాను.

రెండు వాసాలు పాతి, వెదురు అడ్డంగా కట్టాం. ఆకులు అడుగు దూరంలో ఉంటే 8.8, రెండడుగులకు 7.7, మూడుకు 7.1. నాలుగడుగులకు 6.9! పైగా పక్కలు తెరిచి ఉంచాం. సోములమ్మ తన మూరతో కొలుచుకుని, "రెండు మూరలు, జానెడు, ఇంకో బెత్తెడు" అని వాసం మీద కత్తితో గాటు పెట్టుకుంది. ఆకు ఆరడానికి ఇంకో గంట పడుతుందట. పట్టనీ అంది.

ఆ గాటు దాటి ఆకు ముందుకు రాలేదు. ఏసీ మళ్ళీ ఆగలేదు. వేసవంతా పాప తల్లి దగ్గరే ఉంది.

అంతకుముందు నేను మిషన్‌ను మాత్రమే కొలిచేవాణ్ణి, అదీ నా కోసం సర్దిపెట్టిన మిషన్‌ను. ఇప్పుడు ఫోన్ చేసిన ప్రతి ఇంటికీ ముందే చెబుతాను: నేను వస్తున్నానని ఏదీ జరపకండి, తుడవకండి. మర్యాద కోసం పక్కన పెట్టిన వస్తువే ఒక్కోసారి అసలు జబ్బు.