మోకాళ్ల మీద పిడుగుమనిషి

సిరాబాబాయి అంటే ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు. ఆయన పని చూసి పెట్టిన పేరు కాదది, గోళ్లు చూసి పెట్టిన పేరు. ఎంత సబ్బు రుద్దినా కుడిచేతి వేళ్లకు నలుపు వదలదు. కాపురానికి వచ్చిన కొత్తలోనే భార్య ఆయన తువ్వాలు వేరు చేసేసింది.

ఆయన చేసే పని బయటివాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం కొంచెం కష్టం. సూపర్‌హీరో బొమ్మల పుస్తకాల్లో ముందు ఒకరు పెన్సిల్‌తో బొమ్మలు వేస్తారు. ఆ పెన్సిల్ అచ్చుకు పనికిరాదు. దాని మీద కుంచెతో సిరా పట్టించి, ఏ గీత లావుండాలో, ఏది సన్నబడాలో, నీడ ఎక్కడ పడాలో తేల్చి, ఆఖర్న రబ్బరుతో పెన్సిల్ చెరిపేసేవాడు ఇంకొకడు ఉంటాడు. ఆ ఇంకొకడే సిరాబాబాయి. చదివేవాళ్లు కళ్లారా చూసేది ఆయన గీతల్నే, పెన్సిల్ గీత ఒక్కటీ మిగలదు. అయినా అట్ట మీద పెద్దక్షరాల్లో ఉండే పేరు పెన్సిల్ పట్టినవాడిది. ఆయన పేరు వెనక పేజీలో, అచ్చాఫీసు చిరునామాకు కాస్త పైన ఉంటుంది. కళ్లజోడు ఉంటే కనిపిస్తుంది.

పెన్సిల్ పట్టినవాడు పరాయివాడైతే ఏ గొడవా ఉండకపోను. స్వయానా బావ, అక్క మొగుడు.

వాళ్లిద్దరి సూపర్‌హీరో పిడుగుమనిషి పుట్టింది ఆ అక్క ఇంట్లో, అన్నం తినే బల్ల మీద. బావ కండలు గీశాడు, ఛాతీ మీద మెరుపు గీశాడు. "వట్టి పహిల్వానులా ఉన్నాడు బావా" అని సిరాబాబాయి వీపు మీద నల్లటి కేప్ వేలాడదీశాడు. ఆ కేప్‌తోనే వాడు నిలబడ్డాడు. ఊళ్లో పిల్లలు దుప్పట్లు మెడకు కట్టుకుని గోడలు దూకారంటే ఆ కేప్ చలవే.

ఇద్దరికీ పని కుదిరిన తీరు కూడా ముచ్చటగా ఉండేది. నలుపు నింపాల్సిన చోట బావ చిన్న ఇంటూ గుర్తు పెట్టి వదిలేసేవాడు. జనంలో చిన్నాచితకా మనుషుల ముఖాలు వేసే ఓపిక ఆయనకు ఉండేది కాదు. మెడ మీద ఒక గుడ్డు గీసి, "గుడ్లకు మొహాలు పెట్టు" అని పంపేవాడు. సిరాబాబాయి బల్ల మీద గోడకు ఆనించిన అద్దం ఒకటి ఉంది. అందులో తనే ఏడ్చి, తనే నవ్వి, తనే నోరెళ్లబెట్టి, చూసుకుంటూ ముఖాలు దించేసేవాడు. పిడుగుమనిషి కాపాడిన జనంలో సగం మంది సిరాబాబాయే. మీసం పెట్టి, గుండు గీసి, కళ్లజోడు తగిలించి ఏమార్చేవాడంతే.

చెడింది ఒక సభలో. పిడుగుమనిషి పాతికేళ్ల పండగ చేస్తూ ఇద్దర్నీ వేదిక మీద కూర్చోబెట్టారు. ఆ కేప్ ఆలోచన ఎవరిదండీ అని ఎవరో అడిగారు. బావ మైకు దగ్గరికి లాక్కుని, "అన్నీ నావేనండి. మా బావమరిది నా గీతల మీద సిరా పోస్తాడు. పాపం, మంచి కుర్రాడు" అన్నాడు. హాలంతా నవ్వింది. ఆ మంచి కుర్రాడికి అప్పటికే బట్టతల, ఒక మనవరాలు.

ఆయన ఇంటికొచ్చి కుంచెలు కడిగేసుకున్నాడు. ఇక బావ గీత ముట్టుకోనన్నాడు. పన్నెండేళ్లు ముట్టుకోలేదు. సబ్బుల ప్రకటనలకు, చవకబారు ప్రేమకథలకు సిరా పట్టి బతికాడు. ఆయనకు కావలసింది ఒకే ఒక్క మాట, "తప్పయిందిరా" అని. అది బావ నోట్లోంచి ఊడిపడితే చాలు, మిగతావన్నీ గాలికి వదిలేస్తానని భార్యతో లక్షసార్లు అన్నాడు. అది ఊడిపడలేదు.

మధ్యలో నలిగింది అక్క. రెండు వీధుల అవతలే ఇల్లు. తమ్ముడు రాకపోతే తనే వచ్చేది. ఈయన లోపలి గదిలో బల్ల ముందు కూర్చునే, "లేనని చెప్పు" అని భార్యకు సైగ చేసేవాడు. "ఇంట్లో లేరు వదినా" అని ఆ ఇల్లాలు గుమ్మంలో నిలబడి నేల చూపులు చూసేది. అక్క అక్కడే ఉన్న తమ్ముడి చెప్పుల వంక చూసి, "సరే, వచ్చాక చెప్పు" అని వెళ్లిపోయేది. మోకాళ్లు అరిగిపోయి మెట్లు ఎక్కలేని స్థితి వచ్చేదాకా అలా వస్తూనే ఉంది. ఆవిడ చేసిన పాపమల్లా ఆ బావను కట్టుకోవడమే. మొగుడి మీద కోపం పెళ్లాం మీద తీర్చుకోవడం మన మగవాళ్లకు కొత్తా ఏమిటి!

అలాంటి ఇంటికి ఒకరోజు ఆఫీసావిడ వచ్చింది. పిడుగుమనిషి పుస్తకాలు అచ్చేసే కంపెనీలో పెద్ద ఉద్యోగిని.

"పాత క్రిస్మస్ కథ ఒకటుంది కదండీ, రాతిగుండె ముసలాడి దగ్గరికి రాత్రిపూట ముగ్గురొచ్చి మనిషిని చేసేది. దాన్ని మన పిడుగుమనిషికి తొడిగారు మీ బావగారు. లావుపాటి పుస్తకం. బహుశా ఇదే ఆయన ఆఖరిది. చెయ్యి వణుకుతోంది, చూపు తగ్గింది."

"అయితే నాకెందుకు చెబుతున్నారు?"

"సిరా మా బావమరిదే పట్టాలి, లేకపోతే పుస్తకమే వద్దు అన్నారండి."

సిరాబాబాయి గోడకేసి చూస్తూ "ఆలోచించి చెబుతా" అన్నాడు. ఆవిడ మెట్లు దిగకముందే పాత కుంచెలు నానడానికి నీళ్లలో పడ్డాయి.

పేజీలు కట్టలు కట్టలుగా వచ్చేవి. సిరా పట్టినవాటి నకళ్లు ఆఫీసు మళ్లీ బావకు పంపేది, ముందు పేజీల్లో బొమ్మలు ఎలా వచ్చాయో చూసుకుని మిగతావి వేస్తాడని. కథ బాగుంది. అది ఒప్పుకోక తప్పదు. పిడుగుమనిషి ముసలివాడయ్యాడు, గుండె గట్టిపడింది. ఎత్తైన మేడలో తలుపులు బిగించుకుని, కింద ఇళ్లు తగలబడుతున్నా కిటికీ తెరవడు. క్రిస్మస్ పూట భోజనానికి పిలవడానికి సొంత చెల్లెలు వస్తే, "లేనని చెప్పు" అని నౌకరుతో అంటాడు. ఒకప్పుడు తనకు కేప్ కుట్టిపెట్టిన కుంటి దర్జీని వీధిలోకి గెంటేశాడు. ఆ రాత్రి ముగ్గురు వస్తారు. మొదటివాడు ఎప్పుడో చచ్చిన పాత శత్రువు, జరిగిపోయిన రోజులు చూపిస్తాడు. రెండోది ఊరందరి ఏడుపులూ వినిపించే చెవులున్న పిల్ల. మూడోది వట్టి ముసుగు, లోపల మనిషి లేడు. తెల్లారేసరికి పిడుగుమనిషి దర్జీ గుడిసెకు పరిగెత్తి మోకాళ్ల మీద పడతాడు.

"వీడెవడనుకున్నావ్?" అన్నాడు సిరాబాబాయి భార్యతో, పిడుగుమనిషి మూతి చుట్టూ ముడతలు లావు చేస్తూ. "అచ్చంగా మా బావ. ఎంత పొగరో చూడు ఆ మూతిలో!"

"మిమ్మల్ని ముడతలు పెంచమన్నారా ఆయన?"

"పెంచితే పోలిక వస్తుంది."

దర్జీ మొదట్లో మూలన నిలబడ్డ చిన్న మనిషి. మెడ మీద గుడ్డు. సిరాబాబాయి అలవాటు ప్రకారం అద్దంలోకి చూసి, కళ్లు దించుకుని, ఆ గుడ్డుకు ముఖం పెట్టేశాడు. అదే పేజీలో ఇంకా చాలా గుడ్లున్నాయి. పెట్టాడు, మర్చిపోయాడు.

నెలలు గడిచి చివరి కట్ట వచ్చింది. ఆఖరి పేజీ మొత్తం ఒకటే బొమ్మ. గుడిసెలో పిడుగుమనిషి మోకాళ్ల మీద ఉన్నాడు, తల వంచి, కేప్ నేల మీద పరచుకుని. ఎదురుగా దర్జీ, ముఖమంతా స్పష్టంగా కనిపించేలా. ఈసారి గుడ్డు కాదు. కళ్ల కింద సంచులు, చెవి తమ్మెల్లో వెంట్రుకలతో సహా వణికే పెన్సిల్‌తో బావ స్వయంగా వేశాడు. ఆ ముఖం సిరాబాబాయిది.

ఆయన చేతిలో కుంచె కిందపడింది. వంటింట్లోంచి భార్య పరిగెత్తుకొచ్చింది. ఆయన పేజీ చూపించాడు. ఆవిడ పేజీ వంక, మొగుడి వంక మార్చి మార్చి చూసింది.

"అయ్యో, మీరే! అన్నయ్యగారు మిమ్మల్నే వేశారు!"

"నోటితో అనలేకపోయాడే. అందుకని గీశాడు. ఎంత నరకం పడ్డాడో పాపం, మోకాళ్ల మీద పడ్డాడు చూడు" అంటూ ముసలాయన వెక్కి వెక్కి ఏడ్చాడు. పన్నెండేళ్ల మంచు ఒక్క పేజీతో కరిగిపోయింది. ఆ పేజీకి సిరా పట్టినంత ప్రేమగా జీవితంలో దేనికీ పట్టలేదు. పిడుగుమనిషి మూతి ముడతల్ని కూడా ఈసారి తగ్గించాడు. ఆరీ ఆరగానే పేజీ చంకన పెట్టుకుని బయల్దేరాడు.

తలుపు తీసింది అక్క. కర్ర పట్టుకుని ఉంది. తమ్ముణ్ని చూసి పక్కకు జరిగింది. "లోపలికి రా" అంది. ఆయన హడావిడిలో ఆమెను దాటుకుని గదిలోకి వెళ్లాడు.

బావ పడక్కుర్చీలో ఉన్నాడు. కళ్లద్దాలు సీసా అడుగుల్లా మందంగా ఉన్నాయి. "వచ్చావా? వస్తావని తెలుసురా. అయితే పుస్తకం పనిచేసిందన్నమాట" అన్నాడు.

"చూశా బావా. దర్జీ మొహం చూశా. ఇంక నువ్వు నోటితో అనక్కర్లేదు. నేను మర్చిపోయా."

"ఏం అనక్కర్లేదు?"

"అదే, తప్పయిందని."

"తప్పా? నాదా?" బావ ముందుకు వంగాడు. "దర్జీ మొహంతో నాకేం పని? దానికి మొహం పెట్టింది నువ్వు. నేను గుడ్డు పంపించా. భూతద్దం పెట్టి నీ నకలు చూసి గీతకు గీత దించా. ఈ కళ్లకు అది నువ్వో, పాలవాడో నాకెలా తెలుస్తుంది?"

సిరాబాబాయికి అద్దం గుర్తొచ్చింది. కళ్లు దించుకుని చూసుకోవడం గుర్తొచ్చింది.

"మరి పిడుగుమనిషి ఎవరు?" అన్నాడు.

"నువ్వు కాక ఇంకెవడ్రా? తలుపులేసుకుని కూర్చుని, తోడబుట్టింది గుమ్మంలోకి వస్తే 'లేనని చెప్పు' అనేవాడు నాకు తెలిసి ఇంకొకడు లేడు. ప్రతి గీతా నీ చేత్తోనే దిద్దించాలని పట్టుబట్టా. దిద్దుతుంటేనైనా బుద్ధొస్తుందేమోనని. ఏదీ, ఎక్కడొచ్చింది? క్షమాపణ అడగడానికి వచ్చావనుకున్నా, వసూలు చేసుకోవడానికి వచ్చావా?"

"వేదిక మీద నువ్వన్న మాటో?"

"ఏమన్నానేం? మంచి కుర్రాడన్నాను."

ఇద్దరూ అరుచుకోలేదు. అరుచుకుంటే బాగుండేది. బావ కిటికీలోంచి బయటికి చూశాడు. సిరాబాబాయి చేతిలో పేజీ చూసుకున్నాడు. గుమ్మంలో నిలబడ్డ అక్క కర్ర మీద బరువు వేసి నెమ్మదిగా లోపలికి వచ్చింది.

"ఆయనన్నది తప్పే. ఆరోజే మొహం మీద అన్నాను" అంది. "నువ్వు చేసింది కూడా తప్పే తమ్ముడూ. నీ చెప్పులు ఎన్నిసార్లు చూసి వెనక్కొచ్చానో నాకే తెలుసు. అవన్నీ వదిలేయండి. ఎవరో ఒకరు ఆ మాట అనండి. ఎవరైనా సరే, నా కోసం."

ఎవరూ అనలేదు.

"పోనీ నేనంటా. తప్పంతా నాదే. సరేనా?"

ఆ మాటకైనా, కాదు నీది కాదు అని ఇద్దరిలో ఒక్కడికీ నోరు పెగల్లేదు. నిజం చెప్పాలంటే, ఆవిడ అలా అనేసరికి ఇద్దరికీ కాస్త ఊపిరాడింది. సిరాబాబాయి పేజీ చంకన పెట్టుకుని ఇంటికి వచ్చేశాడు. ఏమన్నారని భార్య అడిగితే, "అన్నం పెట్టు" అన్నాడు.

ఆ ముఖాన్ని బ్లేడుతో గీకేసి ఇంకొకడి ముఖం వేద్దామనుకున్నాడు. అప్పటికే మిగతా పేజీలు అచ్చుకు పోయాయి. అది కూడా అలాగే పోయింది. పుస్తకం విడుదలైంది, విరగబడి కొన్నారు. ఆఖరి పేజీ దగ్గర ఏడవనివాడు లేడని పత్రికలు రాశాయి.

పుస్తకాల కొట్టులో సంతకాల సభ పెట్టారు. పొడవాటి బల్ల, ఒక చివర బావ, రెండో చివర సిరాబాబాయి. పక్కపక్కన కూర్చునేది లేదని ఇద్దరూ అన్నారు కాబట్టి ఆఫీసావిడ మధ్యలో అక్కను కూర్చోబెట్టింది. బావ సంతకం పెట్టి పుస్తకం అక్కకు ఇస్తాడు. అక్క ఇటు తిరిగి తమ్ముడికి అందిస్తుంది. వరుస కదులుతుంది.

నడివయసు మనుషులిద్దరు ఒకే పుస్తకం పట్టుకుని వచ్చారు. ఒకాయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. "మేం అన్నదమ్ములమండి. ఏళ్ల తరబడి మాటల్లేవు. ఇది చదివి నేనే వీడి ఇంటికి వెళ్లాను. మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు" అన్నాడు.

"రాసిందే అందుకండీ" అన్నాడు బావ.

"చాలా సంతోషం" అన్నాడు సిరాబాబాయి.

ఆ అన్నదమ్ముల్లో రెండోవాడు మధ్యలో కూర్చున్న ముసలావిడ వైపు తిరిగి, "మీరు వీళ్లకు ఏమవుతారమ్మా?" అని అడిగాడు.

ఆవిడ అటు మొగుడి వంక చూసింది, ఇటు తన తమ్ముడి వంక చూసింది. ఇద్దరూ తలలు వంచుకుని రాసుకుంటున్నారు.

"ఏమీ కానండి. పుస్తకాలు అందించడానికి వచ్చాను" అంది.

సిరాబాబాయి తల ఎత్తలేదు. తర్వాతి పుస్తకం కోసం చెయ్యి చాపాడు.